రాజకీయ, సాంస్కృతిక కారణాలతో వేరే దేశానికి వెళ్ళాలనుకునే తెలుగువాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

మాది ఖమ్మం, మావారిది గుంటూరు జిల్లా. 2009 నుంచి తొమ్మిదేళ్ళు అమెరికాలో, అందులో ఎక్కువ కాలం టెక్సాస్‌లో ఉన్నాం. 2018లో న్యూజిలాండ్ వెళ్ళి వెల్లింగ్టన్ పక్కనున్న లోయర్ హట్‌లో స్థిరపడ్డాం. జీతం కోసం వెళ్ళలేదు, నిజానికి మా ఇద్దరి జీతాలూ తగ్గాయి. అప్పటినుంచి చుట్టాలు, స్నేహితులు, వాళ్ళకు తెలిసినవాళ్ళు ఫోన్ చేసి అడుగుతున్న ప్రశ్నలివి. వీసా నియమాలు తరచూ మారతాయి కాబట్టి దరఖాస్తు పెట్టే ముందు ఆయా ప్రభుత్వాలు ఇచ్చిన తాజా సమాచారంతో మళ్ళీ సరిచూసుకోండి.

రాజకీయ కారణాలతో వెళ్ళడం అంటే శరణు కోరడమేనా?

కాదండీ. శరణు, అంటే అందరూ అసైలం అనేది, వేరే సంగతి. జాతి, మతం, జాతీయత, రాజకీయ అభిప్రాయం, ఫలానా సామాజిక వర్గానికి చెందడం అనే ఐదింటిలో దేనివల్లనైనా సొంత దేశంలో హింస తప్పదన్న భయం ఉండి, ఆ భయానికి ఆధారం ఉన్నవాళ్ళ కోసం 1951 నాటి శరణార్థుల ఒప్పందం ఉంది. నేను మాట్లాడేది ఉద్యోగం వీసా మీదో, నైపుణ్యం వీసా మీదో, చదువు మీదో మామూలుగానే వెళ్తూ, దేశాన్ని ఎంచుకునేటప్పుడు మాత్రం జీతం కన్నా చట్టాన్ని, స్వేచ్ఛను, బతికే పద్ధతిని ముందు చూసుకునేవాళ్ళ గురించి.

‘ముందు అసైలం వేసేయండి, తర్వాత చూసుకుందాం’ అని చెప్పే ఏజెంట్లు ఉన్నారు. వాళ్ళ మాట వినకండి. ఆ ఫైల్లో రాసిన అబద్ధం ఏ దేశానికి వెళ్ళినా మీ వెంట వస్తుంది. అంతకన్నా పెద్ద నష్టం ఇంకొకటుంది. నిజంగా ప్రాణభయంతో వచ్చినవాళ్ళను కూడా అధికారులు అనుమానంగా చూస్తారు.

అన్నిటికన్నా మంచి దేశం ఏది?

ఫోన్ ఎత్తగానే వచ్చే ప్రశ్న ఇదే. దీనికి నా దగ్గర జవాబు లేదు. మేం ఏం చేశామో చెప్తాను.

మా పాప అప్పుడు నాలుగేళ్ళది. ఒకరోజు ప్రీ-కె, అంటే ఒకటో తరగతికి ముందు చిన్నపిల్లలు వెళ్ళే బడి, నుంచి ఇంటికొచ్చి, క్లాసులో లైట్లు ఆర్పేసి గోడ వారగా చప్పుడు చేయకుండా కూర్చునే ఆట ఆడామని చెప్పింది. ‘దగ్గు వస్తే చెయ్యి కొరుక్కోవాలమ్మా’ అంది. తుపాకీతో ఎవరైనా బడిలోకి వస్తే ఏం చేయాలో పిల్లలకు నేర్పే డ్రిల్ అది. టీచరు మంచావిడ, పిల్లలు భయపడకూడదనే ఆట అని చెప్పింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తర్వాతి ఆదివారం మావారు, నేను చెరొక కాగితం తీసుకుని విడివిడిగా రాశాం. ఒకవైపు ‘భరించలేనివి’, రెండోవైపు ‘వదులుకోలేనివి’. రాసేటప్పుడు ఒకరి కాగితం ఒకరు చూడలేదు. పదేళ్ళ కాపురం తర్వాత కూడా ఆయన కాగితంలో నాకు తెలియని విషయాలున్నాయి. ఉద్యోగం పోతే 60 రోజుల్లో దేశం విడిచిపోవాలన్న టెన్షన్‌తో ఆయన ఆఫీసులో తప్పును తప్పని చెప్పడం మానేశారట. ఆ కాగితంలోనే చదివాను. నా ‘వదులుకోలేనివి’లో మొదటిది, అమ్మ వచ్చి నెలల తరబడి మాతో ఉండగలగాలి. ఆయనది, పని చేసే భాష ఇంగ్లీషే కావాలి. ఆ రెండు వాక్యాలతోనే మా జాబితాలోంచి సగం దేశాలు పోయాయి.

దేశాల పేర్లు రాసుకుని కూర్చుంటే ప్రతి దేశమూ మంచిగానే కనిపిస్తుంది. ముందు మీ కాగితం రాయండి. భార్యాభర్తలు తప్పకుండా విడివిడిగా రాయండి.

అమెరికాలో అంతా బాగానే ఉంది కదా, వదిలేయాల్సినంత ఏముంది?

చాలామందికి బాగానే ఉంటుంది, కాదనను. మా పాప అక్కడే పుట్టింది. నా ఆపరేషన్ అప్పుడు పక్కింటి టెక్సాస్ ముసలాయన రెండు వారాలు మా గడ్డి కోసి పెట్టాడు.

మనకు కష్టం వచ్చేది చట్టం దగ్గర. ఉద్యోగం ద్వారా ఏటా ఇచ్చే గ్రీన్ కార్డులు సుమారు 1,40,000. అందులో ఏ ఒక్క దేశంలో పుట్టినవాళ్ళకూ సాధారణంగా 7 శాతం మించి ఇవ్వరు. ఇండియాకైనా ఐస్‌లాండ్‌కైనా అదే లెక్క. అందుకే మన క్యూ దశాబ్దాల పొడవుంది. ఈలోపు ఇండియాలో పుట్టి అక్కడ పెరిగిన పిల్లలకు 21 ఏళ్ళు నిండితే తల్లిదండ్రుల దరఖాస్తులోంచి జారిపోతారు. కొత్త హెచ్1బీ దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము అని 2025 సెప్టెంబరులో వచ్చిన ప్రకటనతో, విమానాశ్రయాల్లో ఉన్నవాళ్ళు సైతం ప్రయాణం చేయాలా వద్దా అని ఫోన్లు పట్టుకుని కూర్చున్నారు. ఒక్క సంతకంతో మన జీవితం ఇటు నుంచి అటు తిరిగిపోగల చోట ఉన్నామా లేదా అన్నది చూసుకోవాలి.

2017 ఫిబ్రవరిలో కాన్సస్ రాష్ట్రం ఒలేతలో ఒకడు ‘మా దేశం వదిలి పో’ అని అరిచి ఒక తెలుగు ఇంజనీరును కాల్చి చంపాడు. అడ్డుపడబోయిన ఒక అమెరికన్ యువకుడికీ తూటా తగిలింది. ఆ ఇద్దరు అమెరికన్లదీ ఒకే దేశం. అమెరికా గురించి ఎవరైనా ఒక్క మాటలో తేల్చేస్తే నేను ఒప్పుకోలేను.

కొత్త దేశంలో నాకు ఓటు ఎప్పుడొస్తుంది?

రాజకీయ కారణంతో దేశం మారేవాళ్ళు అన్నిటికన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఇది. చాలామంది చివర్లో కూడా అడగరు. పాలన నచ్చక ఒక దేశం వదిలి, పాలన గురించి నోరెత్తే వీలు లేని ఇంకో దేశంలో ఇరవై ఏళ్ళు ఉంటే మారింది ఇంటి అడ్రసు మాత్రమే.

బ్రిటన్ సంగతి మనవాళ్ళలో చాలామందికి తెలియదు. కామన్వెల్త్ దేశాల పౌరులు చట్టబద్ధంగా అక్కడ నివసిస్తుంటే, పార్లమెంటు ఎన్నికలతో సహా అన్నిటిలో ఓటు వేయొచ్చు. అంటే భారతీయ పాస్‌పోర్ట్‌తో చదువుకోవడానికి వెళ్ళిన పిల్లలు కూడా పేరు నమోదు చేసుకోవచ్చు. న్యూజిలాండ్‌లో రెసిడెంట్ వీసా ఉండి, ఏడాది పాటు ఆగకుండా ఆ దేశంలో ఉంటే చాలు, పౌరసత్వం లేకపోయినా జాతీయ ఎన్నికల్లో ఓటుంటుంది. ఐర్లాండ్‌లో స్థానిక ఎన్నికల్లో ఏ దేశస్థులైనా, అక్కడ నివసిస్తుంటే, ఓటు వేయొచ్చు. నెదర్లాండ్స్‌లో అయిదేళ్ళు ఉన్నాక మున్సిపల్ ఎన్నికల్లో వేయొచ్చు.

కెనడాలో పౌరులకే ఓటు. పీఆర్, అంటే శాశ్వత నివాస అనుమతి, వచ్చాక గత అయిదేళ్ళలో 1,095 రోజులు దేశంలో ఉంటే పౌరసత్వానికి దరఖాస్తు చేసుకోవచ్చు. ఆస్ట్రేలియాలో నాలుగేళ్ళు, అందులో చివరి ఏడాది పీఆర్‌గా ఉండాలి. అక్కడ ఓటు వేయడం తప్పనిసరి, వేయకపోతే జరిమానా. జర్మనీ 2024 జూన్ నుంచి ఎనిమిదేళ్ళను అయిదేళ్ళకు తగ్గించింది. అమెరికాలో గ్రీన్ కార్డు వచ్చాక అయిదేళ్ళు, ఆ కార్డు ఎప్పుడొస్తుందన్నదే అసలు ప్రశ్న.

2020 అక్టోబరులో, ఇంకా భారతీయ పాస్‌పోర్ట్‌తోనే, లోయర్ హట్‌లో నేను ఓటు వేశాను. ఆ ఎన్నికలతో పాటు రెండు ప్రజాభిప్రాయ సేకరణలు పెట్టారు. ఒకటి గంజాయి గురించి. రెండోది, నయం కాని జబ్బుతో చివరి దశలో ఉన్నవాళ్ళు డాక్టర్ల సాయంతో ప్రాణం విడిచే హక్కు గురించి. మా నాన్న చివరి నెలలు గుర్తొచ్చి పెన్ను పట్టుకుని చాలాసేపు నిలబడిపోయాను. తొమ్మిదేళ్ళు పన్ను కట్టిన దేశం నన్ను ఏనాడూ ఏమీ అడగలేదు. మేం వచ్చి రెండేళ్ళు నిండీ నిండని దేశం చావు గురించి నా అభిప్రాయం అడిగింది. ఈ దేశం నాది కాగలదని అనిపించింది ఆ రోజే.

భారతీయ పౌరసత్వం వదులుకోవాల్సిందేనా?

ఇంకో దేశ పౌరసత్వం తీసుకుంటే, అవును. మన రాజ్యాంగం, 1955 పౌరసత్వ చట్టం రెండు పౌరసత్వాలను ఒప్పుకోవు. జర్మనీ ఇప్పుడు ఒప్పుకున్నా మన వైపు నుంచి కుదరదు. వేరే దేశ పౌరసత్వం తీసుకున్న భారతీయ మూలాలవాళ్ళకు మన ప్రభుత్వం ఇచ్చే ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డు పేరులో పౌరసత్వం ఉంది గానీ అది జీవితకాలపు వీసా లాంటిది. దానితో ఓటు లేదు, ప్రభుత్వోద్యోగం లేదు, వ్యవసాయ భూమి కొనడానికి లేదు. వారసత్వంగా వచ్చిన పొలం మాత్రం ఉంచుకోవచ్చు.

పౌరసత్వం మార్చుకోని ఎన్నారైలు ఫారం 6ఏ నింపి ఊళ్ళో ఓటరుగా నమోదు కావచ్చు. అయితే పోలింగు రోజున స్వయంగా వచ్చి వేయాలి.

మావారు 2024లో న్యూజిలాండ్ పౌరసత్వం తీసుకున్నారు. నేను ఇంకా తీసుకోలేదు. దరఖాస్తు నింపి రెండుసార్లు మూసేశాను. దీన్ని తేలిగ్గా తీసుకోమని నేను ఎవరికీ చెప్పను.

ప్రజాస్వామ్య సూచీలు, పత్రికా స్వేచ్ఛ ర్యాంకులు చూసి ఎంచుకోవచ్చా?

కొంతవరకు పనికొస్తాయి. ఎకనమిస్ట్ ఇంటెలిజెన్స్ యూనిట్ ఇచ్చే ప్రజాస్వామ్య సూచీ, రిపోర్టర్స్ వితౌట్ బోర్డర్స్ ఇచ్చే పత్రికా స్వేచ్ఛ సూచీ, ఫ్రీడమ్ హౌస్ నివేదిక చదవండి. ఒక ఏడాది ర్యాంకు పట్టించుకోకుండా పదేళ్ళలో పైకి వెళ్తోందా కిందికి వస్తోందా చూడండి. ఇవన్నీ ఆ దేశ పౌరుడి కోణం నుంచి కొలిచినవి. మీరు వెళ్ళేది వలసవాళ్ళుగా. అందుకని మైపెక్స్ అనే సూచీ కూడా చూడండి. వలస వచ్చినవాళ్ళకు ఉద్యోగం, కుటుంబాన్ని తెచ్చుకోవడం, వివక్ష మీద ఫిర్యాదు, పౌరసత్వం లాంటి విషయాల్లో ఏ దేశ చట్టం ఎలా ఉందో అది కొలుస్తుంది.

ఈరోజు బాగున్న దేశం రేపు మారిపోతే?

మారుతుంది. మన పెద్దలకు ఇది బాగా తెలుసు. ఒకప్పుడు ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల నుంచి వేలమంది బర్మాలోని రంగూన్ వెళ్ళి సంపాదించుకున్నారు. 1942లో జపాన్ దాడితో లక్షలమంది భారతీయులు అడవుల్లో నడిచి తిరిగొచ్చారు. 1962లో సైన్యం అధికారం చేజిక్కించుకుని దుకాణాలను జాతీయం చేశాక మళ్ళీ కట్టుబట్టలతో వచ్చారు. విశాఖలో బర్మా క్యాంపు అన్న పేరు అలా వచ్చిందే. 1972లో ఉగాండాలో ఇదీ అమీన్ ఆసియా వాళ్ళకు 90 రోజులు గడువిచ్చాడు. ఫిజీలో 1987లో, 2000లో తిరుగుబాట్లు జరిగాక భారతీయ మూలాలవాళ్ళు వేలల్లో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ చేరారు. మా వీధిలో కూరగాయల కొట్టు ఆయన అలా వచ్చినవాడే. తాతల కాలంలో మద్రాసు రేవులో ఓడ ఎక్కిన కుటుంబం. ‘మూడు తరాల తర్వాత కూడా మేం అతిథులమేనని ఒక్క ఉదయంలో తెలిసింది’ అన్నాడు.

ఇప్పటి దేశాలూ అంతే. వలసలకు తలుపులు బార్లా తెరిచిన కెనడా 2024 అక్టోబరులో పీఆర్ సంఖ్యను తగ్గిస్తున్నట్టు ప్రకటించింది. జర్మనీలో వలసలను వ్యతిరేకించే ఏఎఫ్‌డీ పార్టీకి 2025 ఫిబ్రవరి ఎన్నికల్లో 20.8 శాతం ఓట్లు వచ్చాయి. భారతీయుల మీద దాడులు జరగడంతో 2025 ఆగస్టులో డబ్లిన్‌లోని మన రాయబార కార్యాలయం జాగ్రత్తలు చెప్పింది. చెడు జరగని దేశం కోసం వెతికితే దొరకదు. చెడు జరిగిన మరుసటి నెల ఆ దేశం ఏం చేసిందో చూడండి.

2019 మార్చి 15న న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌లో రెండు మసీదుల్లో ఒకడు 51 మందిని చంపాడు. చనిపోయినవాళ్ళలో హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్ళూ ఉన్నారు. అప్పటికి మేం వచ్చి ఏడాది కూడా కాలేదు. తుపాకులకు భయపడి వచ్చిన చోట ఇలా జరిగేసరికి నాకు కాళ్ళు ఆడలేదు. మరుసటి నెల పదో తేదీన పార్లమెంటు 119-1 ఓట్లతో సైనిక తరహా సెమీ ఆటోమేటిక్ తుపాకులను నిషేధించింది. ఆ శుక్రవారాల్లో మసీదుల బయట తలకు గుడ్డ కట్టుకుని నిలబడిన తెల్ల ఆడవాళ్ళను చూశాను. అందుకే తిరిగి వెళ్ళే ఆలోచన చేయలేదు.

పిల్లలను కొడితే కేసు పెడతారంటారు, నిజమా?

నిజం. సంస్కృతి అనగానే మనవాళ్ళు గుడి, పండుగ, భోజనం గురించి ఆలోచిస్తారు గానీ, ఎక్కువ కుటుంబాలు దెబ్బ తినేది పిల్లల పెంపకం దగ్గరే. పిల్లలను కొట్టడాన్ని పూర్తిగా నిషేధించిన మొదటి దేశం స్వీడన్, 1979లో. జర్మనీలో 2000లో, న్యూజిలాండ్‌లో 2007లో చట్టం మారింది. 2012 డిసెంబరులో నార్వేలో ఓస్లో కోర్టు, కొడుకును హింసించారన్న కేసులో ఒక తెలుగు దంపతులకు జైలు శిక్ష వేసింది. ఆ వార్త మన టీవీల్లో ఎన్నో రోజులు నడిచింది. అందరూ ఆ దేశాన్ని తిట్టారు. ఆ పిల్లవాడి గురించి మాట్లాడినవాళ్ళు తక్కువ.

మీకు ‘ఒక దెబ్బ వేస్తేనే దారికొస్తారు’ అన్న నమ్మకం ఉంటే, ఆ నమ్మకం మార్చుకోవడానికి సిద్ధమైతేనే ఈ దేశాలకు రండి. నేను మార్చుకున్నాను. మా అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు ముందే కూర్చోబెట్టి చెప్పాను. మొదట నొచ్చుకుంది, తర్వాత తనే పాపతో ‘మీ దేశం మంచిదే తల్లీ’ అంది. తినిపించడం, పక్కలో పడుకోబెట్టుకోవడం నేరమవుతాయని కొందరు భయపెడతారు. న్యూజిలాండ్‌లో నాకు అలాంటి ఇబ్బంది ఎప్పుడూ రాలేదు.

తెలుగు ఎక్కడ నిలుస్తుంది?

ఇంట్లో నిలిస్తే ఎక్కడైనా నిలుస్తుంది. కానీ దేశం తోడ్పడే తీరులో తేడా ఉంది. ఆస్ట్రేలియా పాయింట్ల పద్ధతిలో అనువాదకులకు గుర్తింపునిచ్చే నాటీ సంస్థ పెట్టే సీసీఎల్ అనే సంభాషణ అనువాద పరీక్షను తెలుగులో ఇచ్చి పాసైతే అయిదు పాయింట్లు కలుస్తాయి. మన భాష రావడం వీసాకు పనికొచ్చే చోటు అది. సింగపూర్‌లో తమిళం అధికార భాష. బడిలో తమిళం బదులు హిందీ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూ తీసుకోవచ్చు గానీ తెలుగు లేదు. అందుకే తెలుగు పిల్లలు హిందీ వైపో తమిళం వైపో వెళ్తారు. అక్కడ పీఆర్ తీసుకుంటే కొడుకులు సైనిక శిక్షణ చేయాల్సి ఉంటుందన్నది కూడా మరిచిపోకండి. ఇక మారిషస్‌లో ఉగాది ప్రభుత్వ సెలవు. పందొమ్మిదో శతాబ్దంలో చెరకు తోటల్లో పనికి వెళ్ళిన కూలీల మనవలు సాధించుకున్న సెలవు అది.

కెనడాలోని క్యూబెక్ రాష్ట్రానికి వెళ్ళేవాళ్ళు అక్కడి ఫ్రెంచి భాషా చట్టాలు, 2019లో వచ్చిన 21వ బిల్లు చదవండి. టీచర్లు, పోలీసులు లాంటి కొన్ని ప్రభుత్వోద్యోగాల్లో మత చిహ్నాలు ధరించకూడదని అందులో ఉంది. కెనడా అంతా ఒకటే అనుకుని వెళ్ళి ఇబ్బంది పడతారు.

కులం అక్కడికీ వస్తుందా?

మన సామాన్లతో పాటే వస్తుంది. ‘ఇంటిపేరేంటండీ’ అని అడిగి, ఆ తర్వాత పలకరింపు తగ్గించినవాళ్ళను నేను రెండు దేశాల్లో చూశాను. సియాటిల్ 2023 ఫిబ్రవరిలో కుల వివక్షను నిషేధించింది, అమెరికాలో అలా చేసిన మొదటి నగరం అదే. కాలిఫోర్నియా శాసనసభ అలాంటి బిల్లునే ఆమోదిస్తే 2023 అక్టోబరులో గవర్నర్ గావిన్ న్యూసమ్ వీటో చేశారు. బ్రిటన్ 2010 సమానత్వ చట్టంలో కులాన్ని చేర్చే వీలున్నా 2018లో ప్రభుత్వం చేర్చకూడదని నిర్ణయించుకుంది. కులం బాధ నుంచి దూరంగా ఉండాలని వెళ్తున్నవాళ్ళకు నా సలహా, మనవాళ్ళు గుంపుగా ఉన్న ఊరికి కాస్త దూరంలో ఇల్లు చూసుకోండి. ఈ మాట రాయడానికి నాకు బాధగానే ఉంది.

మేం ఇద్దరం అబ్బాయిలం, కలిసి బతకాలనుకుంటున్నాం. ఎక్కడికి వెళ్ళొచ్చు?

మన సుప్రీంకోర్టు 2018లో ఇలాంటి బంధం నేరం కాదంది. 2023 అక్టోబరులో పెళ్ళి హక్కు మాత్రం ఇవ్వలేదు. నెదర్లాండ్స్ 2001లో, కెనడా 2005లో, న్యూజిలాండ్ 2013లో, ఐర్లాండ్ 2015లో ప్రజల ఓటుతో, ఆస్ట్రేలియా, జర్మనీ 2017లో, తైవాన్ 2019లో ఈ పెళ్ళిళ్ళను గుర్తించాయి. కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లో పెళ్ళి కాకపోయినా కలిసి కాపురం ఉంటున్నట్టు రుజువు చూపిస్తే జంటగా వీసా ఇస్తారు. ఇద్దరి పేరు మీదా ఇంటి అద్దె ఒప్పందం, జాయింట్ అకౌంటు ఇప్పటినుంచే పెట్టుకోండి. మా తమ్ముడి స్నేహితుడు ఇలాగే వచ్చాడు. ఇప్పుడు సంక్రాంతికి వాళ్ళింట్లోనే మేం అరిసెలు తింటాం.

గల్ఫ్ దేశాల సంగతేమిటి?

సంపాదనకు వెళ్ళండి. అబుదాబిలో 2024 ఫిబ్రవరిలో పెద్ద హిందూ మందిరం కూడా ప్రారంభమైంది. కానీ మామూలుగా అక్కడ పౌరసత్వం రాదు, ప్రభుత్వాన్ని బహిరంగంగా విమర్శించే వీలు లేదు. రాజకీయ కారణంతో దేశం వెతుకుతున్నవాళ్ళకు అది చోటు కాదు.

అమ్మానాన్నలను తెచ్చుకోగలమా?

ఎక్కడా సులువు కాదు. కెనడా సూపర్ వీసాతో ఒకసారి వస్తే అయిదేళ్ళ వరకు ఉండొచ్చు. న్యూజిలాండ్ 2025 సెప్టెంబరు నుంచి పేరెంట్ బూస్ట్ అనే అయిదేళ్ళ వీసా ఇస్తోంది. 2024 మార్చి తర్వాత కొత్తగా వచ్చిన నైపుణ్య ఉద్యోగులు తల్లిదండ్రులను తెచ్చుకునే వీలు జర్మనీ కల్పించింది. అన్ని చోట్లా ఆరోగ్య బీమానే పెద్ద ఖర్చు. ముందు అమ్మానాన్నలను అడగండి. ‘మీ కోసమే’ అని మనం చెప్పే చాలా నిర్ణయాల్లో వాళ్ళను అడిగి ఉండం.

వెళ్ళి చూడకుండా నిర్ణయించుకోవచ్చా?

వీలైతే చూడండి, అదీ ఆ దేశం అందంగా లేని నెలలో. మేం జులైలో వెళ్ళాం, అంటే అక్కడ నడి చలికాలం. వెల్లింగ్టన్ గాలికి గొడుగు తిరగబడిపోయింది. చూడదగ్గ ప్రదేశాలకు వెళ్ళలేదు. బస్సెక్కి తిరిగాం, లైబ్రరీలో కూర్చున్నాం, ఒక బడి బయట పిల్లలు ఇంటికి వెళ్ళే వేళకు నిలబడ్డాం. ఒక సాయంత్రం సిటీ కౌన్సిల్ సమావేశానికి వెళ్ళాం, ఎవరైనా వెళ్ళొచ్చని బోర్డు మీద రాసి ఉంది. డ్రైనేజీ పైపుల గురించి గంటసేపు వాదించుకున్నారు. ఒక ముసలావిడ లేచి మేయరును గట్టిగా నిలదీసింది. ఆయన ఓపిగ్గా విని రాసుకున్నాడు. బయటికొచ్చాక మావారు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. బస్టాపులో నిలబడి, ‘ఇక్కడైతే నేను మళ్ళీ మాట్లాడగలను’ అన్నారు.